ఉస్తాద్ షావలి బోసి బండి

మొహం చూసి మనిషి గుణం చెప్పేవాళ్లను షావలి నమ్మడు. సీటు చూసి చెప్పమంటే మాత్రం కాదనడు. మోటార్‌సైకిల్ సీటుకు ఎడమ అంచు అరిగిపోయి కుడి అంచు నిగనిగలాడుతుంటే ఆ బండివాడు రోజుకు యాభైసార్లు ఎక్కి దిగే డెలివరీ మనిషి. కుట్లలో సన్నటి ఎర్ర ఇసుక చేరితే సెలవు రోజుల్లో ఎడారి మీద పడి దొర్లే మనిషి. రెగ్జిన్ మీద చిన్న గుండ్రటి కాలిన మచ్చ ఉంటే సిగరెట్టు తాగుతాడు, ఇంట్లో చెప్పడు. ఇదంతా షావలి గొప్ప కోసం చెప్పుకునేది కాదు. దుబాయ్‌లో సత్వా పేటలో సీట్లు కుట్టే అంగట్లో ఇరవై రెండేళ్లుగా నడుం వంచి కూర్చున్నవాడికి అది తెలియకుండా ఎలా ఉంటుంది?

అంగడి ఒక వెనక సందులో ఉంది. కార్ల సీట్లు, సోఫాలు, పడవల్లో పరుచుకునే దిండ్లు, ఏవి వచ్చినా కుడతారు. మోటార్‌సైకిల్ సీటు వస్తే మాత్రం ఎవరూ ముట్టుకోరు, షావలి వైపు తోస్తారు. పన్నెండు మంది పనివాళ్లలో 'ఉస్తాద్' అనిపించుకునేది అతనొక్కడే. వాళ్ల నాయన మైదుకూరు చుట్టుపక్కల ఊళ్లలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మనుషులకు మెత్తగా ఉండే చోటు తయారుచేయడం ఆ ఇంటి పని. నాయన దూదితో చేశాడు, కొడుకు స్పాంజితో చేస్తున్నాడు. తేడా అంతే.

భార్య ఊళ్లో ఉన్న మగవాడిని దుబాయ్‌లో బ్యాచిలర్ అంటారు. గోడలకు అతికించే గదుల ప్రకటనల్లో అలాగే రాస్తారు. ఆ లెక్కన నలభై ఏడేళ్ల షావలి, పెళ్లయి ఇరవై నాలుగేళ్లు దాటి, నర్సింగ్ చదివే కూతురు ఉండి, ఇరవై రెండేళ్లుగా బ్యాచిలరే. ఇలాంటి మనిషి కనిపించగానే త్యాగం అనే మాట తీసి మెడలో దండలా వేసేవాళ్లున్నారు. పెళ్లిళ్లలో వేస్తారు, పత్రికల్లో వేస్తారు. షావలికి ఆ దండ దురద పుట్టిస్తుంది. "త్యాగమేందబ్బా, పనికొచ్చినా. ఈ పని నాకు బాగుంటాది" అంటాడు. నిజమే. ముక్కలు ముక్కలుగా వచ్చిన సీటు మూడో రోజుకు ఒళ్లు బిగించి మెరిసిపోతుంటే అతనికి కలిగే ఆనందంలో త్యాగం పాలు ఏమీ లేదు.

2020లో అంగడి మూతపడినప్పుడు అతను నాలుగు నెలలు గదిలో గోడలు చూసి, అయిదో నెలలో మోటార్‌సైకిల్ లైసెన్సు పరీక్షకు పోయాడు. రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. ఏడాది పాటు వెనక పెట్టె కట్టుకుని జనాల ఇళ్లకు బిర్యానీలు మోశాడు. ఆ ఏడాది గురించి అడిగితే ఎండ గురించీ, లిఫ్టుల దగ్గర నిలబెట్టిన సెక్యూరిటీ వాళ్ల గురించీ చెబుతాడు. ఉదయం ఆరు గంటలకు ఖాళీ జుమేరా రోడ్డు మీద సముద్రం పక్కనే పోతుంటే ఎలా ఉండేదో మాత్రం ఎవరికీ చెప్పలేదు. వయసొచ్చిన మనిషి చెప్పుకునే సంగతి కాదనుకున్నాడు. అంగడి తెరిచాక మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాడు. లైసెన్సు కార్డు పర్సులో అలాగే ఉండిపోయింది.

2024 నవంబరులో ఫాతిమున్నీసా వచ్చింది. కూతురు సబీనా కడపలో కాలేజీ హాస్టల్లో చేరింది. ఇంట్లో ఇక ఎవరికోసం కాచుకోవాలని షావలి ఫోన్లో పోరి, రెండు నెలల విజిట్ వీసా మీద రప్పించాడు. ఆమె ఒప్పుకున్నది రెండు నెలలకే. నచ్చితే ఇక్కడే ఫ్యామిలీ వీసాకు మారవచ్చు, అంగడి మేనేజరు, అదే ముదీర్, కాగితాలు ఇస్తానన్నాడు. నచ్చకపోతే వెనక్కి. ఫాతిమున్నీసా మైదుకూరులో జాకెట్లు కుట్టే మనిషి. ఆమె కొలత తీసిందంటే చంక దగ్గర పట్టేయడం గానీ భుజం జారడం గానీ ఉండదని పేరు. అలాంటి మనిషి నచ్చింది అనాలంటే ఊరికే అనదు.

సత్వాలో సంసారానికి గది దొరకడం షావలి వల్ల అయ్యే పని కాదు. అందుకని నలభై కిలోమీటర్ల అవతల, ఇంకో ఎమిరేటు అజ్మాన్‌లో ఒక గది, చిన్న వంటిల్లు ఉన్న ఇల్లు తీసుకున్నాడు. అజ్మాన్ నుంచి పనికి కార్ లిఫ్ట్‌లో పోవాలి. అంటే ఒకే వ్యానులో ఏడుగురు. ఏడుగురి గుమ్మాల ముందూ ఆగాలి, ఏడుగురూ పని దిగేదాకా ఆగాలి. పొద్దున ఆరుకు పోయిన మనిషి రాత్రి పదిన్నరకు వచ్చేవాడు. నడుమ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా అంగడి మూతే. సత్వాలో చాలా అంగళ్లది అదే పద్ధతి. ఆ మూడు గంటలూ పనివాళ్లంతా స్పాంజి పలకలు పరుచుకుని ఏసీ కింద నిద్రపోతారు. షావలి కూడా ఇరవై రెండేళ్లుగా అలాగే నిద్రపోయాడు.

మూడో వారంలో, ఒక శుక్రవారం పొద్దున, ఫాతిమున్నీసా టీ గ్లాసు అతని ముందు పెట్టి కూర్చుంది.

"ఏమయ్యా, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవు గదా?"

"చెప్పు."

"ఊర్లో ఉన్నెప్పుడు రోజూ గంటసేపు ఫోన్లో నీ మొగం చూస్తాంటి. ఈడికొచ్చినాంక నువ్వు గురక పెట్టేటప్పుడు తప్ప చూసింది ల్యా."

షావలి నవ్వబోయి ఆగాడు. ఆమె నవ్వడం లేదు.

"నాకాడ పదారు జాకెట్లు ఆగిపోయినాయి. ఇంటికాడుంటే అవన్నా కుట్టుకుంటాంటి. రెండు నెల్లు అయిపోతానే పోతా. నువ్వు చెడ్డోనివని కాదు. ఈడ నాకేం పని?"

ఆ వారమంతా మధ్యాహ్నాలు షావలి స్పాంజి మీద పడుకున్నాడే గానీ నిద్ర పట్టలేదు. ఆ మూడు గంటలే అతని కళ్ల ముందు తిరిగాయి. మధ్యాహ్నం రోడ్లు ఖాళీగా ఉంటాయి. సొంత బండి ఉంటే ముప్పావు గంటలో అజ్మాన్. ఇద్దరూ కలిసి అన్నం తినొచ్చు. మళ్లీ నాలుగుకు అంగడి. రాత్రి కూడా ఆరుగురి కోసం ఆగకుండా వచ్చేయొచ్చు. బండి కొంటే ఆమె ఉంటుందని అతనికి ఎవరూ మాటివ్వలేదు. అయినా అతనికి తోచిన దారి అదొక్కటే. జనవరి రెండో వారంలోగా తేలిపోవాలి.

బండి కొంటున్నానని పక్క అంగట్లో అర్షద్‌తో అన్నాడు. అది చాలు, సందంతా పాకింది. అర్షద్ హైదరాబాద్ పాతబస్తీ కుర్రవాడు, ముప్ఫై దాటినా పెళ్లి కాలేదు. కార్ల అద్దాలకు నల్ల కాగితం అతికించడం పని, వాడిన బండ్లు అమ్మిపెట్టడం సరదా.

"చాచా, నాకు జెప్పకుండ ఫోన్ల బండ్లు జూస్తున్నవా? గది బంద్ జెయ్. రేపు నీకోసం ఒకటి పట్టుకొస్త, చూస్తె దిల్ ఖుష్ అయితది."

మర్నాడు మధ్యాహ్నం తెచ్చాడు. ఏడాదిన్నర పాత బండి, వెయ్యి సీసీ, ముందంతా ముక్కు పొడుచుకు వచ్చిన ప్లాస్టిక్ కవచం. మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదట. పనివాళ్లు నిద్ర మానుకుని చుట్టూ చేరారు.

"నూట అరవై గుర్రాలు చాచా! యల్లా, ఎక్కి కూసో."

"అజ్మాన్ పొయ్యేదానికి నూట అరవై గుర్రాలు ఏంటికిరా? ఆడ వాటికి మేత యాడ పెడతా?"

అందరూ నవ్వారు. షావలి ఎక్కి కూర్చున్నాడు. చేతులు ముందుకు వాలి, నడుం వంగి, గడ్డం ట్యాంకుకు తగిలేంత పని అయింది.

"ఇది నమాజులో రుకూకు వంగినట్టుండాది గదరా. నలభై కిలోమీటర్లూ వంగోనే పోవాల్నా?"

"అలవాటయితది చాచా. చూడు, కొత్త పెండ్లికొడుకు లెక్కున్నవ్."

షావలి దిగాడు. దిగి, ఇంజను చూడలేదు, టైర్లు చూడలేదు. తాళం తిప్పి సీటు ఊడదీసి వెల్లకిలా తిప్పాడు. రెగ్జిన్‌ను అడుగు పలకకు పట్టి ఉంచే పిన్నులు వరసగా తుప్పు పట్టి ఉన్నాయి. ఏడాదిన్నర బండికి అలా పట్టవు. స్క్రూడ్రైవరుతో నాలుగు పిన్నులు లేపి, మూల మడత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. స్పాంజి అడుగున, బియ్యం కడిగిన గిన్నెలో మిగిలే గీతలాంటి మట్టిరంగు చార ఒకటి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది.

"ఇది ఈత కొట్టి వచ్చింది రా అర్షద్."

ఆ ఏడాది ఏప్రిల్‌లో పడిన వానకు ఎమిరేట్లన్నీ చెరువులయ్యాయి. రోడ్ల మీద కార్లు పడవల్లా తేలాయి. నీళ్లు తీశాక కడిగి, తుడిచి, మెరుగు పెట్టి ఆ బండ్లను ఎందరో అమ్ముకున్నారు. ఇంజను కడగొచ్చు, ప్లాస్టిక్ మార్చొచ్చు. సీటు లోపల స్పాంజిని కడగాలని మాత్రం ఎవరికీ తట్టదు.

అర్షద్ మొహం వాడిపోయింది. అక్కడే నిలబడి బండి యజమానికి ఫోన్ కలిపి, ఉర్దూలో అయిదు నిమిషాలు ఏకధాటిగా తిట్టాడు. ఫోన్ పెట్టి, "ఖసమ్ సే చాచా, నాకు తెల్వదు" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగినంత పనయింది. షావలి అతనికి టీ తెప్పించాడు.

అర్షద్ ఓడిపోయే రకం కాదు. వారంలో ఇంకో రెండు తెచ్చాడు. ఒకటి తొమ్మిది వందల సీసీది, కొత్తగానే ఉంది గానీ ఎత్తు ఎంతంటే, షావలికి కాలి బొటనవేలు తప్ప ఏదీ నేలకు ఆనలేదు. ఇంకోటి మీటలన్నీ టీవీ తెరలో ఉండే రకం. అలాంటి బండ్ల సీట్లు షావలి దగ్గరికి నెలకు నాలుగు వస్తాయి. కొన్నవాడు మొదటి వారం ఫోటోలు పెట్టుకుంటాడు, రెండో వారం నడుం పట్టుకుంటాడు, మూడో వారం సీటు సంకన పెట్టుకుని సత్వాకు వస్తాడు. బలం గురించి ఆ బండ్ల యజమానులు చెప్పేది అతను ఏనాడూ కాదనలేదు. కాకపోతే ఆ బలాన్ని మోసేది ఎవరి నడుమో అతనికి తెలుసు.

డిసెంబరు పదో తారీఖున తన్మయి వచ్చింది. కాకినాడ పిల్ల, ఇంజనీరు, కట్టే భవనాలు నిలబడతాయో లేదో లెక్కలు వేసే ఉద్యోగం. ఏడేళ్లుగా షావలికి తెలుసు. కారు డిక్కీలోంచి ఒక సీటు తీసి బల్ల మీద పెట్టింది. బండి లేదు, సీటు ఒక్కటే.

"షావలి గారూ, ఈ చిరుగు కనపడకుండా చేసి పెట్టరా? తాళంచెవుల గుత్తి తగిలి చిరిగిందండి. బండి అమ్మేస్తున్నాను."

"ఏం మేడమ్, పెద్ద బండి తీసుకుంటాండారా?"

"పెద్ద బండా!" ఆమె చున్నీ పక్కకు తీసి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ఆరో నెలండి. పొట్టకీ ట్యాంకుకీ మధ్య జాగా అయిపోయింది. మూడు నెలల్నుంచి దాన్ని చూడ్డవే గానీ ఎక్కింది లేదు. మా ఆయనకి బండి రాదు. పైగా భయం."

షావలి నవ్వుతూ సీటు తిప్పాడు. నవ్వు ఆగింది. పిన్నులు కంపెనీ వేసినవి వేసినట్టే ఉన్నాయి, ఒక్కటీ తుప్పు లేదు. అంటే దీన్ని ఇంతవరకూ ఎవరూ విప్పలేదు. రెండు అంచులూ ఒకే తీరున, కొంచెం కొంచెంగా, పాత పలక మీద గీతల్లా అరిగాయి. అంటే బండి ఏ పక్కా పడలేదు, ఏ పక్కా ఈడ్చుకుపోలేదు. ఎండ పగుళ్లు లేవు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత స్పాంజి వాసన, అంతే.

"ఏప్రిల్ వానకు యాడుండె మేడమ్ ఇది?"

"మూడో అంతస్తులో. మా బిల్డింగ్ పార్కింగ్ అక్కడే కదండీ. కింద మునిగిపోయినవాళ్లందరూ పైకొచ్చి దీని పక్కనే ఏడ్చారు."

"నేను కొంటా."

"ఏంటి?"

"బండి. నేను తీసుకుంటా."

"బండి చూడకుండానేనా?"

"చూస్తి గదా" అని షావలి సీటు మీద చెయ్యి పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం విరామంలో పోయి చూశాడు. పదమూడేళ్ల బండి, ఆరువందల యాభై సీసీ. ముందు ఒక గుండ్రటి దీపం, దాని వెనక పిడి, ట్యాంకు, ఇంజను. కవచం లేదు, రెక్కలు లేవు. గొట్టాలు, తీగలు, బోల్టులు అన్నీ బయటికే కనిపిస్తున్నాయి. ఇలాంటి వాటిని నేకెడ్ బైక్ అంటారని తన్మయి చెప్పింది. జీవితమంతా వస్తువులకు తొడుగులు కుట్టినవాడు చివరికి తొడుగే లేని బండి ముందు నిలబడి మురిసిపోయాడు. అందులో వింతేమీ లేదు. తొడుగు కింద ఏమేం దాచొచ్చో అతనికన్నా ఎవరికి తెలుసు? ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాయి. నడుం నిటారుగా నిలిచింది. ఇంజను మోగితే కుట్టు మిషన్ మంచి నూనె పట్టినప్పుడు చేసే చప్పుడు గుర్తొచ్చింది.

"మెల్లిగా చూసుకోండి దాన్ని," అంది తన్మయి తాళాలు ఇస్తూ. అని వెంటనే, "అబ్బే, వద్దులెండి, బాగా తిప్పండి. ఊరికే నిలబెడితే పాడవుద్ది" అంది.

బండి తనిఖీ, బీమా, ముల్కియా అనే బండి కార్డు మీద పేరు మార్పిడి రెండు రోజుల్లో అయిపోయాయి. అర్షద్ చూసి తల పట్టుకున్నాడు.

"గిదేంది చాచా! మా అమ్మీ మిషన్ లెక్కుంది. పదమూడేండ్ల బండి. నూట అరవై గుర్రాలు వద్దంటివి, ఇండ్ల సగం గూడ లేవు."

"సగమైనా, ఉండేవన్నీ బతికుండాయి గదా."

ఏప్రిల్ వాన పేరెత్తితే అర్షద్ అప్పటికీ ఇంకా తలొంచుకుంటున్నాడు.

ఇక్కడితో ఆగి ఉంటే షావలి తెలివైనవాడుగా మిగిలిపోయేవాడు. కానీ చేతిలో సీటు ఉంది, తను ఉస్తాద్. చిరుగు అతికి ఊరుకుంటాడా? పాత రెగ్జిన్ ఒలిచి పారేశాడు. మూడు రకాల స్పాంజి పొరలు వేసి, కత్తితో చెక్కి, ఇసుక కాగితంతో రుద్దాడు. ముందు భాగాన్ని తన తొడల కొలతకు లోతుగా తవ్వాడు. తన నడుముకు ఆసరా ఉండాలని వెనక భాగాన్ని గట్టు మాదిరి ఎత్తి, తోక వైపు జారుగా దించాడు. నల్ల రెగ్జిన్, ముదురు ఎరుపు దారం. మూడు మధ్యాహ్నాలు నిద్ర లేకుండా కుట్టాడు. పదకొండు మందీ వచ్చి వేళ్లతో తడిమి చూశారు. ఇంతకన్నా మంచి సీటు ఈ అంగట్లో పుట్టలేదన్నారు. ముదీర్ ఫోటో తీసి అంగడి పేజీలో పెట్టాడు.

మరుసటి సోమవారం ఒంటిగంటకు బయల్దేరి రెండుకు పావు తక్కువకు అజ్మాన్‌లో దిగాడు. కింద నిలబడి ఫోన్ చేశాడు.

"ఫాతిమా, కిందికి రా."

"ఈ వేళప్పుడు యాడుండావు? ఒంట్లో బాగలేదా?"

"రా అంటాండా గదా."

ఆమె చేతికి అంటిన పిండి తుడుచుకుంటూ దిగింది. అతన్నీ చూసింది, బండినీ చూసింది.

"ఎవురిదిది?"

"మనదే."

"పేగులన్నీ బయటికే ఉండాయే! మూత యాడ పోయింది?"

"మూత ఉండదు దీనికి. బోసి బండి అంటారు." ఆ ఇంగ్లీషు పేరు చెప్పడానికి భార్య ముందు అతనికి నోరు రాలేదు.

ఫాతిమున్నీసా బండి చుట్టూ ఒకసారి తిరిగింది. పెళ్లికూతురికి తొడిగిన కొత్త జాకెట్టును చూసినట్టు, దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసింది. సీటు మీద వేలు పెట్టి కుట్టు వెంట లాగింది.

"పైపింగు నువ్వే వేసినావా?"

"నేనే."

"బాగుంది. ఒక్క పోగు తప్పలేదు." వేలు జారుతూ తోక దాకా పోయింది. "నేను యాడ కూర్చునేది?"

షావలి సీటు వైపు చూశాడు. మూడు రోజులు ఒళ్లో పెట్టుకున్న సీటును అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. గట్టు వెనక, తోక మీద, పిల్లి కూర్చున్నా జారిపోతుంది.

"మధ్యాన్నం ఇంటికొచ్చేదానికి కొన్నా," అన్నాడు. "నీతో కలిసి అన్నం తినేదానికి."

"అంటే? నువ్వొచ్చి తినేదానికి నేను వండిపెట్టి కాచుకోవాల్నా? కాచుకునేది ఊర్లోనే చేస్తాంటి గదయ్యా, వండే పని గూడా లేకుండా."

"అట్ల కాదే..."

"మా ఆయన దుబాయిలో ఉండాడని ఇరవై రెండేండ్లుగా చెప్పుకుంటాండా. ఈడికొచ్చి నెల దాటె. నేను చూసింది ఆ కిటికీలో ఎదురింటోళ్ల ఏసీ డబ్బాలు. తొమ్మిదుండాయి. ఒకటి కారతాది."

ఆ రోజు కలిసి అన్నం తిన్నారు. నాలుగుకు అతను అంగట్లో ఉన్నాడు.

బండిని గోడ పక్కన నిలబెట్టి షావలి చాలాసేపు దాన్నే చూశాడు. పదకొండు మంది తడిమి చూశారు. పదకొండు మందీ సీట్లు కుట్టేవాళ్లు, తొమ్మిది మందికి ఊళ్లో భార్యలున్నారు. వెనక మనిషి కూర్చునే చోటు లేదని ఒక్కడికీ కనిపించలేదు. దుబాయ్‌లో తమను బ్యాచిలర్లు అన్నది ఊరికే పోలేదు. కళ్లకు కూడా ఆ అలవాటు అంటుకుంది. ఆమెకు తను కావాలని అతను లెక్క వేశాడు. తనతో పాటు బయటి గాలి కూడా కావాలేమోనని ఆ లెక్కలో లేదు.

పిన్నులు లేపడం మొదలుపెట్టాడు. అర్షద్ పరుగెత్తుకొచ్చాడు.

"పాగల్ అయినవా చాచా? ముదీర్ ఫోటో బెట్టిండు! రెండొందల లైకులొచ్చినయ్!"

"లైకులు కూర్చుంటాయా దీని మీద? కొలత తీసుకోలా నేను. ఇరవై రెండేండ్లలో కొలత తీసుకోకుండా కుట్టిన సీటు ఇదొకటే."

శుక్రవారం అంగడి నాలుగుకు గానీ తెరవరు. పొద్దున్నే ఫాతిమున్నీసాను బస్సులో సత్వాకు తీసుకొచ్చాడు. రమ్మంటే మొదట రానంది, కొలత కోసమంటే లేచింది. కొలత అనే మాటకు ఆమె కాదనలేదు. షట్టరు సగం ఎత్తి లోపలికి పోయారు. మిషన్లు, రెగ్జిన్ చుట్టలు, గోడకు ఆనించిన స్పాంజి పలకలు చూసి, "ఈడేనా నువ్వు పండుకునేది?" అని అడిగింది. అతను తలూపాడు. ఆమె ఒక పలకను చేత్తో నొక్కి చూసింది.

బండిని నిలబెట్టి, బోడి పలక మీద స్పాంజి ముక్కలు పేర్చి ఆమెను కూర్చోబెట్టాడు. ఒక పక్కకు తిరిగి కూర్చుంటుందేమో అనుకున్నాడు. మైదుకూరులో ఆడవాళ్లు అలాగే కూర్చుంటారు.

"పక్కకు కూర్చుంటే జారి పడేదానికా? ఈడ బండ్లెట్ల పోతాండాయో బస్సులోంచి చూస్తి గదా. రెండు కాళ్లూ వేస్తా. వేసుకుండేది పంజాబీ డ్రస్సే గదా."

అతను సుద్దముక్కతో గీతలు గీశాడు. ఆమె రెండు చెరిపింది.

"ఈ కుట్టు సరిగ్గా తొడ కిందికి వస్తాది. గంట కూర్చుంటే ఒరుసుకుంటాది. పక్కకు జరుపు. ఇన్నేండ్లు ఎవురికి కుడుతాంటివయ్యా?"

"మొగోళ్లకు."

"అదీ సంగతి."

అతను గట్టు కోసేశాడు. వెనక భాగం వెడల్పు చేసి సమంగా లేపాడు. స్పాంజి అతను చెక్కాడు, రెగ్జిన్ ఆమె కత్తిరించింది. ఆ మిషన్ బరువుకు మొదట తడబడి, రెండు నిమిషాల్లో పట్టు తెచ్చుకుంది. ఒక చోట దారం తెగితే అతను అందుకోబోయాడు. "నువ్వుండు" అంది. నాలుగు కాకముందే సీటు అయిపోయింది. అందం తగ్గిన మాట నిజం. పక్క నుంచి చూస్తే మొదటి సీటు దూకబోయే చిరుతలా ఉండేది, ఇది తీరిగ్గా కూర్చున్న ఆవులా ఉంది. ఎడమవైపు కుట్టు ఒక చోట అరంగుళం వంకర పోయింది, అది ఆమె కుట్టింది. షావలి దాన్ని విప్పలేదు.

మరుసటి మధ్యాహ్నం అతను అజ్మాన్ చేరేసరికి ఆమె కిందనే నిలబడి ఉంది. ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో అతను ముందురోజు కొనిచ్చిన హెల్మెట్.

"పైకి రావద్దు. అన్నం ఈడనే ఉండాది. సముద్రం ఎంత దూరం?"

"పది నిమిషాలు."

"పోదాం పా."

తల మీద గుడ్డ సర్ది, దాని మీద హెల్మెట్ పెట్టుకుని, అతని భుజం పట్టుకుని ఎక్కింది. ఒకసారి అటూ ఇటూ కదిలి కుదురుకుంది. షావలి నలభై దాటకుండా నడిపాడు. బిర్యానీలు మోసిన ఏడాదిలో కూడా అతను అంత జాగ్రత్తగా మోసిన సరుకు లేదు. రెండో సిగ్నలు దాటాక ఆమె వేలితో భుజం మీద పొడిచింది.

"ఏం, భయమైతాందా?" అని అరిచాడు.

"సైకిలోడు దాటిపోయినాడు చూడు! ఇంకొంచిం పోనీ!"

అజ్మాన్ కోర్నిష్‌లో, సముద్రం ఒడ్డున సిమెంటు గట్టు మీద కూర్చుని టమాట పప్పు, అన్నం, వేయించిన ఎండుమిరపకాయలు తిన్నారు. డిసెంబరు ఎండ హాయిగా ఉంది. పక్కన ఒక ఫిలిప్పీన్స్ కుటుంబం చేపలు కాలుస్తోంది. ఆమె తింటూ దారిన పోయే ఆడవాళ్ల బట్టలే చూస్తోంది.

"ఆ పిల్ల జాకెట్టు చూడు, భుజం ఎట్ల జారిపోతాందో. మనోళ్లేనా?"

"తెలుగోళ్లే అనుకుంటా. మన పక్క బిల్డింగు నిండా వాళ్లే."

"ఎవురు కుడతారు వీళ్లకు?"

"ఎవురూ లేరు. ఊర్లో కుట్టించుకోని తెచ్చుకుంటారు."

ఆమె డబ్బా మూసి, చెయ్యి కడుక్కుని, సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

"సబీనాకు చెప్పాల, మిషను ఎవురి చేతనన్నా పంపించమని," అంది. "ఆ ఫ్యామిలీ వీసాకు ఫోటోలు కావాలేమో గదా. యాడ దిగుతారు?"

షావలి లేచి తాళం చేతిలోకి తీసుకున్నాడు. స్టూడియో మూడు వీధుల అవతలే. అక్కడ మలయాళీ ఫోటోగ్రాఫర్ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కొంచెం దించమని, వీసా ఫోటోలో నవ్వకూడదని హిందీలో చెప్పాడు. అయిదుసార్లు తీయాల్సి వచ్చింది.